విడి కొట్టం ప్రారంభోత్సవం

ఒక పెద్ద అడవిలో ఆవులూ గేదెలూ మేకలూ కలిసి ఒకే మందగా ఉంటూ తమ వ్యవహారాలు తామే చూసుకునేవి. మందకు ఒక అధ్యక్షుడూ ఒక కార్యవర్గమూ ఉండేవి. గడ్డికి కరువొచ్చిన ఏళ్ళున్నాయి గానీ, తీర్మానాలకు మాత్రం ఎన్నడూ కరువు రాలేదు.

ఒక రోజు కొంగ ఒకటి ఏటి అవతల నుంచి ఎగిరొచ్చి, అక్కడి మందకు గాలికుంటు సోకిందని చెప్పింది. నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు, మూతి వెంట సాగే చొంగ. పెద్దవి కొన్నాళ్ళు కుంటి కోలుకుంటున్నాయట. పాలు తాగే దూడలు మాత్రం నిలబడ్డచోటే కూలిపోతున్నాయట.

ఆ చివరి మాట వినగానే సింగారి అనే గేదె తన దూడకు అడ్డంగా నిలబడింది. దాని దూడ పుట్టి వారం కూడా కాలేదు. నిలబడాలంటే ఇంకా తల్లి కాలికి ఆనుకుంటోంది.

సింగారి నేరుగా అధ్యక్షుడైన ఆబోతు గంభీరయ్య దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, ఏటి అవతలివాళ్ళను కొన్నాళ్ళు ఇటు రానివ్వకండి. మనం కూడా గుంపుగా మేయకుండా తలో దిక్కున ఉందాం. నీళ్ళు తలో రేవులో తాగుదాం. నా బిడ్డ పసిగుడ్డు."

"నువ్వు చెప్పింది బాగానే ఉంది తల్లీ," అంది గంభీరయ్య. "కానీ ఇంత సులువుగా అయిపోతే దాన్ని ఏర్పాట్లు అని ఎవరంటారు?"

"అధ్యక్షులవారు అన్నాక ఇక మాట్లాడేదేముంది," అంది పక్కనే ఉన్న మేకపోతు. అది కార్యవర్గ సభ్యుడు. దాని నోట ఇంకో మాట విన్నవాళ్ళు లేరు.

కార్యదర్శి నక్క ఏర్పాట్లు మొదలుపెట్టింది. జబ్బుపడ్డవాళ్ళను వేరుగా ఉంచేందుకు ఒక విడి కొట్టం కట్టాలన్నది మొదటి తీర్మానం. మంచి తీర్మానమే, నేను కాదనను. స్థలం మాత్రం అధ్యక్షుడే స్వయంగా ఎంచుకుంది. పక్కనే ఊట, మోకాలెత్తు పచ్చిక, పొద్దంతా చల్లటి గాలి.

"జబ్బుపడ్డవాళ్ళకు ఇంత మంచి చోటా?" అంది సింగారి.

"జబ్బు వచ్చేదాకా ఖాళీగా ఉంచితే పాడుపడుతుంది," అంది నక్క. "అందాకా కార్యవర్గం అందులో ఉండి పర్యవేక్షిస్తుంది."

రెండో తీర్మానం నిబంధనలు. చొంగ కారేవాళ్ళూ, వాళ్ళు మూతి పెట్టినచోట మూతి పెట్టినవాళ్ళూ కొట్టంలోనే ఉండాలి. కార్యవర్గం బయట సమావేశమై సరేనంటే తప్ప, ఎంతటివాళ్ళైనా బయటికి రాకూడదు. ఆ 'ఎంతటివాళ్ళైనా' అన్న మాటను గంభీరయ్యే పట్టుబట్టి చేర్పించింది, వినడానికి బాగుంటుందని. నిబంధనలు వల్లె వేయించి ముళ్ళపందిని వాకిట కాపలా పెట్టారు. దానికి సొంత ఆలోచనలు లేవని ఏరి మరీ ఆ ఉద్యోగం ఇచ్చారు.

మూడో తీర్మానం ప్రారంభోత్సవం. ముఖ్య అతిథి ఏటి అవతలి మంద అధ్యక్షుడు.

"జబ్బు ఉన్నది అక్కడే కదా?" అంది సింగారి.

"అందుకే పిలిచాం. ఈ విషయంలో వారికున్న అనుభవం మనలో ఎవరికీ లేదు," అంది నక్క. "నువ్వు లేనిపోని భయాలు పుట్టిస్తున్నావని ఫిర్యాదులు వచ్చాయి. రేపు దూడతో సహా ముందు వరసలో ఉండాలి. రాలేదో, ఇక మందలో నీకు చోటు లేదు."

మందను వదిలిన తల్లీదూడా అడవిలో ఎన్నాళ్ళు బతుకుతాయో సింగారికి తెలుసు. రేచుకుక్కలు తీర్మానాలు చూసి ఆగవు. సరేనని తలూపింది.

మర్నాడు కొట్టం దాకా దారికి ఆకులు పరిచారు. గౌరవం కోసం మందను దారికి చాలా దూరంగా నిలబెట్టారు. ఈ జబ్బు విషయంలో మంద తీసుకున్న మొదటి జాగ్రత్త అదే, అదీ తెలియక తీసుకున్నది. అతిథి కుంటుకుంటూ వచ్చింది. మూతి నుంచి నేల దాకా చొంగ సాగుతోంది.

"ఉపన్యాసానికి ముందు పెద్దవాళ్ళకు అలాగే ఊరుతుంది," అని నక్క అందరికీ సర్దిచెప్పింది.

అతిథి కొట్టంలో నిలబడి, గంభీరయ్య భుజానికి భుజం ఆనించి, దూరం పాటించడం గురించి చాలాసేపు మాట్లాడింది. ఆ మందలో ఏ మంచిపని మొదలుపెట్టినా అందరూ ఒకే ఉప్పురాయిని నాకి మాట ఇచ్చుకోవడం ఆనవాయితీ. ముందు అతిథి నాకింది. తర్వాత గంభీరయ్య, నక్క, మేకపోతు నాకాయి.

"ఇక మంద వంతు," అంది నక్క. "సింగారీ, నీ దూడతో మొదలుపెడదాం. భయపడేవాళ్ళకు ధైర్యం వస్తుంది."

సింగారి వాకిలి దాకా నడిచింది. దూడ ఏమీ ఎరగక ఉప్పు వాసనకు మెడ చాచింది. సింగారి దాన్ని తలతో వెనక్కి నెట్టి, ముళ్ళపంది వైపు తిరిగింది.

"అన్నా, చొంగ కారేవాళ్ళు ఎక్కడుండాలి?"

"లోపల."

"వాళ్ళు నాకిన రాయిని నాకినవాళ్ళు?"

"లోపలే," అని ముళ్ళపంది తలుపు మూసి అడ్డుకర్ర వేసింది. అడిగేదాకా దానికీ ఆ సంగతి తట్టలేదు.

"ఒరేయ్, నేను అధ్యక్షుణ్ణిరా," అంది లోపలినుంచి గంభీరయ్య.

"ఎంతటివాళ్ళైనా అని ఉందండి."

"అయితే కార్యవర్గం ఇప్పుడే సమావేశమవుతుంది," అంది నక్క.

"బయట కావాలండి," అంది ముళ్ళపంది.

"ముళ్ళపంది అన్నాక ఇక మాట్లాడేదేముంది," అంది మేకపోతు.

నాలుగు రోజులు తిరక్కుండా కొట్టంలో చొంగలు మొదలయ్యాయి. నక్కకు జబ్బు రాలేదు గానీ, వినేవాళ్ళూ లేకపోయారు. ముళ్ళపంది మేత లోపలికి విసిరేది. నోటి పుండ్ల వల్ల గంభీరయ్య మాట్లాడలేకపోయింది. బయట సమావేశం పెట్టేవాళ్ళు లేరు కనక ఎవరి దిక్కున వాళ్ళు మేశారు, ఎవరి రేవులో వాళ్ళు తాగారు. సింగారి దూడకు కాళ్ళు గట్టిపడ్డాయి.

ఏటికి అటూ ఇటూ కుంటేవాళ్ళు లేరని కొంగ చెప్పాక, ఒక పూటకు సింగారినే కార్యవర్గంగా ఎన్నుకున్నారు. అది సరేనంది. తలుపు తెరుచుకుంది.

గంభీరయ్య బయటికి వస్తూనే సభ పెట్టించింది. "మన కార్యవర్గం చేసిన ఏర్పాట్ల వల్ల మందలో ఒక్క దూడకైనా జబ్బు సోకలేదు," అంది.

"నిజమే," అంది సింగారి. దూడ దాని చుట్టూ గంతులేస్తోంది. "ఈసారి జబ్బు వచ్చినా ఇవే ఏర్పాట్లు చేద్దాం."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ముళ్ళపంది అడ్డుకర్రను చేతికందేలా పెట్టుకుంది.

నీతి: అంటురోగం వస్తోందని తెలియగానే ముందుగా విడి కొట్టంలో పెట్టవలసింది రోగుల్ని కాదు, కమిటీని.