ఇష్టబడికి అర్హురాలు

బిడ్డకు నచ్చిన బడిని ఎంచుకోవడం తల్లిదండ్రుల జన్మహక్కు. ఈ హక్కు పుట్టుకతో వస్తుంది, దరఖాస్తు చేసుకున్నాక వర్తిస్తుంది. మామూలు బడిలో ఇమడని పిల్లలు వేరే తరహా బడిలో చదువుకుంటే ఆ ఫీజు సర్కారే కడుతుందని 'ఇష్టబడి' పథకం చెబుతున్నది. పథకం ప్రకారం ప్రత్యామ్నాయ బడి అంటే, మామూలు బడిలా ఉండకుండా, మామూలు బడికి ఉండవలసినవన్నీ ఉన్న బడి. (ఈ నిర్వచనం రాయడానికి ఏడుగురు సభ్యుల కమిటీకి పద్నాలుగు నెలలు పట్టింది. తొందరపడ్డారని నా అభిప్రాయం.)

శంషాబాద్‌లో మా వీధిలోనే ప్రేమలత అని ఒకామె ఉంది. ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పని. ఆమె కూతురు ప్రియదర్శినికి తొమ్మిదేళ్లు. నాలుగేళ్లు పెద్ద బడికి పోయింది గాని, అక్షరాలు చూస్తే ఆ పిల్లకు చెమటలు పట్టేవి. చదవమంటే బెంచీ కిందికి దూరేది. చివరికి ఎవరో చెబితే పాల్మాకులలో డోర్కాస్ టీచరు దగ్గర చేర్చింది. అక్కడ ఒక రేకుల షెడ్డు, ఇరవై మంది పిల్లలు. అక్షరాలు చింతగింజలతో పేరుస్తారు, లెక్కలు కూరగాయల తక్కెడతో నేర్చుకుంటారు. ఆరు నెలలకు ఆ పిల్ల మా కిరాణా దుకాణం బోర్డు పైకి చదివింది. ఆ రోజు ప్రేమలత వీధిలో ఇంటింటికీ చక్కెర పంచింది. షుగరుందంటే కూడా వినకుండా నా నోట్లోనూ పోసింది.

కాని ఆ ఫీజు కట్టడం ఇక ఆమె వల్ల కాదు. దసరా సెలవుల లోపల ఇష్టబడి పథకం మంజూరు కావాలి, లేదంటే పిల్ల మళ్లీ ఆ బెంచీ కిందికే పోవాలి. ఫారాలు నింపడం వచ్చినవాడిగా వీధిలో నాకు కొంత పలుకుబడి ఉంది కాబట్టి నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయింది.

ఇష్టబడి అధికారి అరుణ్‌కుమార్ గారు చాలా మర్యాదస్తుడు. కాదనే మాట కూడా కూర్చోబెట్టి చెబుతారు.

"పాల్మాకుల ఎందుకమ్మా? మీ ఇంటికి నాలుగు కిలోమీటర్లలోనే గుర్తింపు పొందిన ప్రత్యామ్నాయ పాఠశాల ఉన్నట్టు యాప్ చూపిస్తోందండి. దగ్గరది ఉండగా దూరానికి నిధులు ఇవ్వడం కుదరదు."

ప్రేమలత ఆయన ఫోన్‌లోకి తొంగిచూసింది. "సారూ, గా బడి ఎయిర్‌పోర్టుకు అవతల ఉన్నది. రన్‌వే దాటాలె."

"యాప్‌లో దూరం మాత్రమే వస్తుందమ్మా. మధ్యలో ఏముందో రాదు."

"మరి పిల్ల ఎట్ల పోవాలె సారూ? ఇమానం ఎక్కి పోవాల్నా?"

"అది రవాణా శాఖ పరిధిలోకి వస్తుందండి."

మధ్యలో విమానాశ్రయం ఉన్నదని ధ్రువపత్రం తెస్తే పరిశీలిస్తామన్నారు. తెచ్చాం. పదకొండు రోజులు పట్టింది. విచారణకు వచ్చిన ఉద్యోగి ఎయిర్‌పోర్టు గోడ దగ్గర నిలబడి పంచనామా రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నాడు. అందులో నేనొకణ్ణి. అదే సమయంలో మా తలల మీదుగా ఒక విమానం దిగింది గాని, ఆధార్ లేనందువల్ల దాన్ని సాక్షిగా రాసుకోలేదు.

ఇక మిగిలింది ముఖాముఖి. మామూలు బడి ఈ పిల్లకు సరిపడదని అధికారి స్వయంగా తేల్చుకోవాలి. ప్రేమలత పిల్లకు తల నిండా నూనె పెట్టి, రెండు జడలు వేసి, కొత్త రిబ్బన్లు కట్టి తీసుకొచ్చింది. "సారు ముంగట మంచిగ సదువు బిడ్డా, భయపడకు" అని దారి పొడుగునా చెప్పింది. ఏ తల్లి చెప్పదు? అరుణ్‌కుమార్ గారు ఒక కాగితం చేతికిచ్చారు. అది పథకం నియమావళిలో ఆరో పేజీ. నేనైతే రెండో వాక్యం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. పిల్ల మాత్రం వేలు పెట్టి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. చదివి, తలెత్తి నవ్వింది. ప్రేమలత కళ్లు కొంగుతో ఒత్తుకుంది.

"చాలా బాగా చదివిందమ్మా" అన్నారు అరుణ్‌కుమార్ గారు. నిజంగానే సంతోషించారు. తర్వాత దరఖాస్తు మీద ఇలా రాశారు: పాపకు చదవడం వచ్చు. కావున మామూలు బడి సరిపోతుంది. తిరస్కరించడమైనది.

"సారూ, గా సదువు డోర్కాస్ టీచర్ దగ్గర్నే వచ్చింది గద! పెద్ద బడిల నాలుగేండ్లు ఒక్క ముక్క రాలే!"

"కావచ్చమ్మా. ఎక్కడ వచ్చిందన్న గడి ఫారంలో లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా దండం పెట్టి లేచాను. (ఫారాలు నింపేవాడికి కోపం వస్తే తర్వాతి ఫారం దొరకదు.)

అటెండరు అనంతయ్య మా వెనకే బయటికి వచ్చాడు. ముప్పై ఏళ్ల సర్వీసు మనిషి. "ఏందక్కా గట్ల చేసినవ్? ఆఫీసుకు తెచ్చి ఎవలన్న సదివిస్తరా? అప్పీలు పెట్టుండ్రి. ఈసారి సారు కాగితం ఇస్తే పిల్ల నోరు తెర్వొద్దు. గంతే" అన్నాడు.

అప్పీలు నేనే రాశాను. పాప చదవడం అనుకోకుండా జరిగిన పొరపాటనీ, ఇకముందు జరగదనీ హామీ ఇచ్చాను. ఇన్నేళ్లలో నేను రాసిన కాగితాల్లో సిగ్గుపడ్డది దీనికే.

ఇంట్లో రోజూ సాయంత్రం ప్రేమలత ఏదో ఒక కాగితం చూపించేది, పిల్ల దాన్ని చదవకుండా ఉండడం సాధన చేసేది. ఇది అనుకున్నంత తేలిక కాదు. మొదటి వారమంతా పిల్ల పెదాలు వాటంతటవే కదిలేవి. రెండో వారానికి కాగితం కనబడగానే తల వంచుకోవడం మళ్లీ అలవాటైంది.

అప్పీలు రోజున అరుణ్‌కుమార్ గారు అదే పేజీ ఇచ్చారు. పిల్ల కాగితం వైపు చూసింది, తల్లి వైపు చూసింది, తల వంచేసుకుంది. అక్కడికక్కడే మంజూరైంది. మూడు నెలలకోసారి సమీక్ష ఉంటుందనీ, పాపకు చదవడం వచ్చిన రోజున సాయం ఆగిపోతుందనీ అరుణ్‌కుమార్ గారు మర్యాదగా చెప్పి పంపారు.

ఇప్పుడు ప్రియదర్శిని పాల్మాకులలోనే చదువుకుంటున్నది. మొన్న ముగ్గురం రోడ్డు మీద నడుస్తుంటే, ప్లాట్ల అమ్మకం హోర్డింగు ముందు ఆ పిల్ల ఆగి, తల్లి చెయ్యి లాగి, "అమ్మా, ఒక్కసారి సదవనా?" అని గుసగుసగా అడిగింది. "వద్దు బిడ్డా, ఎవలన్న వింటరు" అంది ప్రేమలత. నేను చెప్పుల వైపు చూసుకుంటూ నడిచాను.

పథకం వార్షిక నివేదిక ఈ వారమే వెలువడింది. మా ప్రాంతపు లబ్ధిదారుకు వరుసగా మూడు సమీక్షల్లోనూ ఒక్క అక్షరం కూడా రాలేదని, వచ్చే ఏడాదికల్లా మరో నలభై మంది పిల్లలను ఈ స్థాయికి తీసుకురావడం లక్ష్యమని అందులో ఉంది.