మిషనుకు చెయ్యి కావాలంట

ఆ రోజు పొద్దున్న ఆంజనప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, సంగటి తిని, కొత్త మిషనుకు పూజ చేయించి, ఇన్‌స్పెక్టరు చేత సరే అనిపించుకుని, సాయంత్రానికల్లా వేరుశనగకాయలు ఆడించడం మొదలుపెట్టాలి. ఈ పథకంలో ఎవరి చెయ్యీ పోయే ప్రసక్తి లేదు.

ఆంజనప్ప కన్నడ రాష్ట్రం అంచున, తెలుగు మాట్లాడే బాగేపల్లిలో వేరుశనగ వ్యాపారి. చుట్టుపక్కల ఊళ్లలో కాయలు కొని, ఒలిపించి, గింజలను చింతామణి నూనె మిల్లులకు పంపుతాడు. ఒలవడానికి ఊళ్లోని ఆడవాళ్లు వస్తారు. అరవైల మొదట్లో ఊరికి కరెంటు వచ్చాక అతని మనసు మిషను మీదికి పోయింది. బెంగళూరు నుంచి ఒకటి తెప్పించాడు. దాని గొప్పతనమంతా కాయలు పోసే నోటి దగ్గరున్న ఇనుప కమ్మిలో ఉంది. కాయలు ఆ కమ్మి కిందుగా జారిపోతాయి. పొరపాటున ఎవరైనా చెయ్యి పెడితే అది కమ్మికి తగులుతుంది, తగిలిన మరుక్షణం మోటారు తనంతట తానే నిలిచిపోతుంది. "ఆటోమేటిక్" అని చెప్పి, మిషను బిగించిన ఫిట్టరు ఆ సాయంత్రమే బస్సెక్కాడు. అతను చెప్పింది నిజమో కాదో ఎవరూ చూడలేదు. చూడవలసినవాడు చిక్కబళ్ళాపురంలో ఉండే ఇన్‌స్పెక్టరు శ్రీనివాసప్ప. ఆయన సర్టిఫికెట్ ఇవ్వనిదే మిషను ఆడించకూడదు.

తాను వస్తున్నానని ఇన్‌స్పెక్టరు బస్సు కండక్టరు మునియప్పతో కన్నడంలో కబురు పంపాడు. "పరీక్షెగె కాయి ఇట్టిరి" అన్నాడు. పరీక్షకు కాయలు సిద్ధంగా ఉంచండి అని. మునియప్ప ఆ మాటను బాగేపల్లి దాకా జాగ్రత్తగానే మోసుకొచ్చాడు. దించడంలోనే తొందరపడ్డాడు. బస్సు కదిలిపోతుండగా ఫుట్‌బోర్డు మీద నుంచి అరిచాడు.

"ఆంజనప్పా! ఇన్‌స్పెక్టరు మద్దేన్నం వస్తాడంట! పరీక్షెగె కాయి ఇట్టిరి అన్నాడు!"

సరిగ్గా అప్పుడే డ్రైవరు హారన్ కొట్టాడు. కన్నడంలో కాయి అంటే కాయ, కై అంటే చెయ్యి. ఆ రెండింటికీ మధ్యనున్న కాస్త తేడాను హారన్ మింగేసింది.

ఆంజనప్ప అక్కడే నిలబడి తన కుడిచేతిని కాసేపు చూసుకున్నాడు. తర్వాత ఎడమచేతిని చూసుకున్నాడు. రెండూ అవసరమైనవిగానే కనిపించాయి.

"ఏమ్రా, మొగం అట్ల పెట్టినావు?" అంది తల్లి హనుమక్క, ఇంటికి రాగానే.

"ఇన్‌స్పెక్టరు కబురు పంపినాడమ్మా. మిషను పరీక్షకి కై పెట్టుకోనుండల్లంట."

"ఎవురి కై?"

"అది చెప్పలేదు."

హనుమక్క ఆలోచించింది. "నీది గాకుంటే సరి" అని పక్కింటికి పోయింది. సలహా అడగడానికే పోయింది. కానీ సలహా అడగాలంటే విషయం చెప్పాలి.

పూజ చూద్దామని పరగోడు నుంచి బామ్మర్ది గోవిందప్ప వచ్చి ఉన్నాడు. ఆంజనప్ప అతన్ని షెడ్డు వెనక్కి తీసుకుపోయి, పంట గురించీ వానల గురించీ అడిగి, మెల్లగా సంగతికి వచ్చాడు.

"మా అక్కని ఇస్తిమి కదా బావా, చాలదా? చెయ్యి గూడా ఇయ్యల్నా?" అన్నాడు గోవిందప్ప.

"ఊరికే పెట్టి తీసేది గోవిందప్పా. అదే నిలిచిపోతుందంట."

"నిలిచేదైతే నువ్వే పెట్టు."

ఆంజనప్ప చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. బావ ముఖం చూసి గోవిందప్పకు జాలి వేసింది. అతని ఎడమచేతికి ఆరు వేళ్లు. "అంత కష్టమొచ్చింటే ఈ ఆరో వేలు ఉండాది. దేనికీ పనికి రాలేదు. ఇది పెడతా" అన్నాడు. ఆంజనప్ప కృతజ్ఞతతో ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని చెయ్యి కింద ఒప్పుకుంటాడన్న నమ్మకం కలగలేదు.

ఈలోగా హనుమక్క అడిగిన సలహా ఊరు తిరిగింది. పక్కింట్లో అది మిషను పరీక్ష. వీధి చివర మిషనుకు బలి. బస్టాండు చేరేసరికి ఇంటికొక చెయ్యి ఇమ్మని సర్కారు ఆర్డరు. మూటలు దించవలసిన హమాలీలు షెడ్డు ముఖం చూడలేదు. కాయలు ఒలిచే ఆడవాళ్లు మాత్రం వచ్చారు. ఒలవడానికి కాదు. అందరి ముందు మునివెంకటమ్మ ఉంది.

"ఏమప్పా ఆంజనప్పా! మిషను తెచ్చి మా చేతిపని తీసేస్తాండావని ఏడుస్తాంటిమి. ఇప్పుడు చేతులే తీసేస్తావా?"

"నీ చెయ్యి ఎవురు అడిగినారు మునివెంకటమ్మా?"

"మల్ల ఎవురిది అడిగినారు?"

ఏళ్ల తరబడి తన కాయలు ఒలిచి ఒలిచి గోళ్లు అరిగిపోయిన చేతులు ఆంజనప్ప ఎదుట వరసగా ఉన్నాయి. అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గులో నోరు జారింది.

"ఎవురిదీ వద్దు. నాదే పెడతా."

మాట వెనక్కి తీసుకుందామంటే అప్పటికే చాలామంది విన్నారు. హనుమక్క కొడుకు కుడిచేతికి మోచేతి దాకా పసుపు రాసి, కుంకుమ పెట్టి, కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం జీపు దిగిన ఇన్‌స్పెక్టరు శ్రీనివాసప్పకు షెడ్డు ముందు పెద్ద గుంపు కనబడింది. ఆయన నమస్కారం పెట్టాడు. ఎవరూ తిరిగి పెట్టలేదు. మగవాళ్లు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఆడవాళ్లు కొంగు కింద దాచుకున్నారు. తన ఉద్యోగంలో ఇంతటి అమర్యాద ఆయన ఎరగడు.

"కాయి ఎల్లి?" అని, కాయలెక్కడని కన్నడంలో విసురుగా అడిగాడు.

కై అనే విని గుంపు రెండడుగులు వెనక్కి జరిగింది. ఆంజనప్ప ముందుకు వచ్చి, కళ్లు మూసుకుని, పసుపు చెయ్యి చాపాడు.

"ఇదేమప్పా?"

"మీరు అడిగిన కై సామీ."

"కై ఎవురు అడిగినారయ్యా? కాయి! చెనిక్కాయి!"

సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక అందరికన్నా ముందు మునివెంకటమ్మ నవ్వింది. తర్వాత ఊరంతా నవ్వింది. చేతులు బయటికి వచ్చాయి, నమస్కారాలు వచ్చాయి. ఆంజనప్ప మోటారు వేశాడు. రెండు గంపల కాయలు పోస్తే పొట్టు ఒకవైపు, గింజలు ఒకవైపు పడ్డాయి.

"బాగుండాది. ఇంక ఆ కమ్మి సంగతి చూడల్ల" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "చెయ్యి తగిలితే నిలిచిపోతుందంటిరే. ఎవురైనా పెట్టండి."

చేతులన్నీ మళ్లీ మాయమయ్యాయి. ఇన్‌స్పెక్టరు కూడా తన చేతులను జేబుల్లో పెట్టుకున్నాడు. చివరికి హనుమక్క పెరట్లోకి పోయి చెయ్యంత పొడుగు పొట్లకాయ కోసుకొచ్చింది. "కై బదులు కాయే పెట్టండప్పా" అంది. ఆంజనప్ప దాన్ని తొడిమ దగ్గర పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, మిషను నోట్లో పెట్టాడు.

మిషను గుర్రుమని, నెమ్మదించి, నిలిచిపోయింది.

పొట్లకాయ కొస కొంచెం నలిగింది. ఇన్‌స్పెక్టరు దాన్ని బయటికి లాగి చూసి, మళ్లీ నోట్లోనే ఓ పక్కకు పెట్టి, "గోరంత. ఇంతమాత్రం ఫరవాలేదు" అన్నాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి, అందరికీ కనబడేలా తన చేతిని మోచేతి దాకా లోపలికి పెట్టి తిప్పాడు. "చూస్తిరా? భయపడేదానికి ఏముండాది? ఆటోమేటిక్!"

దాంతో ఊరికి ధైర్యం వచ్చింది. ఆంజనప్ప పెట్టాడు. గోవిందప్ప రెండు చేతులూ పెట్టాడు. ఆడవాళ్లు వరసలో నిలబడి ఒక్కొక్కరే పెట్టి తీశారు. హనుమక్క పెట్టి, తీసి, కళ్లకద్దుకుంది. ఇన్‌స్పెక్టరు కాఫీ తాగుతూ సర్టిఫికెట్ రాశాడు. కమ్మి సక్రమంగా పనిచేస్తోందని, చెయ్యి తగిలిన వెంటనే మోటారు నిలిచిందని, స్వయంగా పరీక్షించానని, ఎవరికీ గాయం కాలేదని రాసి, సంతకం పెట్టాడు.

సంతకం ఆరకముందే మిషను దానంతట అదే మొదలైంది. నోట్లో మిగిలి ఉన్న పొట్లకాయ, కమ్మిని నెట్టుకుంటూ, తొడిమతో సహా లోపలికి పోయింది. అవతలి పక్క పచ్చటి తురుముగా బయటికి వచ్చింది. మోటారు నిలవలేదు. అదే సమయంలో రోడ్డు అవతలి పిండిమిషను కూడా మోత మొదలుపెట్టింది. దాని యజమాని గుమ్మంలోకి వచ్చి కేకేశాడు.

"కరెంటొచ్చె! ఇంత సేపు పోయిందే, మీకు గూడా పోయినిందా?"

షెడ్డులో ప్రతివాళ్లూ తల వంచి తమ వేళ్లు లెక్కపెట్టుకున్నారు. గోవిందప్పకు మిగతావాళ్లకన్నా కాస్త ఎక్కువసేపు పట్టింది. ఆంజనప్ప పోయి స్విచ్చి తీసేశాడు. కమ్మి వెనక చూస్తే ఫిట్టరు కలపకుండా వదిలేసిన తీగ ఒకటి వేలాడుతోంది.

"ఫిట్టరును పిలిపిస్తా సామీ" అన్నాడు ఆంజనప్ప.

"పిలిపించు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, తన మోచేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని.

మునివెంకటమ్మ కాయల మూట ఒకటి విప్పి, గంపలో పోసుకుని కూర్చుంది. మిగతా ఆడవాళ్లూ చుట్టూ చేరారు. షెడ్డులో పొట్టు చిట్లే చప్పుడు మొదలైంది. ఆంజనప్ప కూడా ఒక గంప లాక్కుని కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టరు జీపులో కూర్చుని సర్టిఫికెట్ మళ్లీ తీశాడు. కమ్మి సంగతి కొట్టేశాడు, మోటారు సంగతి కొట్టేశాడు, స్వయంగా పరీక్షించిన సంగతీ కొట్టేశాడు. ఎవరికీ గాయం కాలేదన్న వాక్యాన్ని మాత్రం అలాగే ఉంచాడు, ఎందుకంటే అది రేపు పైవాళ్లు విచారణ జరిపినా నిలిచే మాట.