సొంత వార్తకు ఖండన

జనగామలో విలేకరిగా పనిచేస్తున్న జఫర్‌గఢ్ బిడ్డ రామ్మోహన్ గారు దేశ విదేశాంగ విధానాన్ని చక్కదిద్దే పదవిలో నియమితులయ్యారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఢిల్లీలోని విదేశీ వ్యవహారాల సలహా మండలిలో ఆయన ఇక ప్రత్యేక సలహాదారు. అప్పటిదాకా ఆయన చేసిన అతి పెద్ద విదేశీ పర్యటన భూపాలపల్లి మీదుగా గోదావరి వంతెన దాటి, మహారాష్ట్రలోని సిరోంచలో ఛాయ్ తాగి రావడం. పత్రికలో ఆయన ఖాళీ చేసిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

పదవి ఊరికే రాలేదు. నెల్లికుదురు దగ్గరి ఒక తండాలో కమ్లీ అనే ఆవిడ ఉంది. ఆమె భర్త జాల్యా ఎడారి దేశానికి ఒంటెలు కాయడానికి పోయాడు. అక్కడి యజమాని పాస్‌పోర్టు గుంజుకుని, ఒప్పందం గడువు తీరినా ఇంటికి పంపలేదు. రామ్మోహన్ గారు తండాకు వెళ్లి, కమ్లీతో ఒక పూటంతా మాట్లాడి, 'ఢిల్లీ పెద్దలు నిద్రపోతున్నారా?' అని అర పేజీ వార్త రాశారు. అది చదివి తండా ఏడ్చింది. జిల్లా ఏడ్చింది. ఢిల్లీ పెద్దలు నిజంగానే నిద్ర లేచి, ఇంత బాగా రాసేవాడు బయట తిరగడం మంచిది కాదని గ్రహించి లోపలికి పిలుచుకున్నారు. జాల్యా మాత్రం ఒంటెల దగ్గరే ఉన్నాడు.

"నా కలాన్ని ఎవరికీ అమ్మను. జేబులోనే పెట్టుకుంటాను" అని రామ్మోహన్ గారు వీడ్కోలు సభలో ప్రతిజ్ఞ చేశారు. దాన్ని అక్షరాలా నిలబెట్టుకున్నారు.

ఢిల్లీలో ఆయనకు మూడు నెలలు శిక్షణ ఇచ్చారు. 'గమనిస్తున్నాం', 'నిశితంగా గమనిస్తున్నాం', 'ఆందోళనతో గమనిస్తున్నాం' అనే మాటల మధ్య తేడా ఆయన త్వరగానే పట్టేశారు. మూడింటిలోనూ కుర్చీలోంచి లేవకూడదు. ముఖం మాత్రమే మారాలి.

ఆ ముఖంతోనే ఆయన రేగొండలో యువతకు అంతర్జాతీయ సంబంధాల గురించి ఉపన్యసించడానికి వచ్చారు. కమ్లీ బస్సులు మారి అక్కడికి చేరుకుంది.

"అన్నా, నువ్వు పెద్ద సారువైనవంట. ఇగ మా ఆయనొస్తడు గదా?"

"అమ్మా, ఆ దేశంతో మన సంబంధాలు సున్నితమైన దశలో ఉన్నాయి."

"నాకు మా ఆయనతోటి సంబంధం గూడ గట్లనే ఉన్నదన్నా. మూడేండ్లాయె మొకం చూడక."

ఆమె కొంగు ముడిలోంచి మడతలు పడ్డ పాత పేపరు ముక్క తీసింది. "గిది నువ్వు రాసిందే. గిండ్ల ఉన్నది నిజమా, కాదా?"

రామ్మోహన్ గారు అది పూర్తిగా చదివారు. కాసేపు ఆయన గొంతు మన జఫర్‌గఢ్ గొంతయింది. "నిజమేనక్కా. నీ దుఃఖం జూసే రాసిన." ఆ వెంటనే పక్కనున్న అధికారి దగ్గాడు. "పరిశీలిస్తాం" అని రామ్మోహన్ గారు కారెక్కారు.

పరిశీలించారు కూడా. ఆ ఎడారి దేశపు ప్రతినిధులు ఢిల్లీకి రాబోతున్న వారంలో మా పత్రికకు ఒక ఖండన వచ్చింది. 'సదరు విలేకరి వాస్తవాలు తెలుసుకోకుండా, సంచలనం కోసం రాశారు. జాల్యాను అక్కడ ఇంటి మనిషిలా చూసుకుంటున్నారు. ఇంటి మనిషికి పాస్‌పోర్టుతో పనేముంది?' కింద రామ్మోహన్ గారి సంతకం.

నేను ఫోన్ చేశాను. "అన్నా, గీ సదరు విలేకరి నువ్వే గదనే?"

"గందుకే తమ్మీ, వాని సంగతి నాకు బాగ తెలుసు."

ఖండన వేశాం. పొరపాటుకు చింతిస్తున్నామని కూడా వేశాం.

కమ్లీ దాన్ని చదివించుకుని వింది. ఏడవలేదు. ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం నంబరు సంపాదించి రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. తెలుగులో అడిగితే 'పరిశీలనలో ఉంది' అన్నారు. వచ్చీరాని హిందీలో అడిగితే అదే అన్నారు. నాలుగో రోజు ఆమెకు ఒళ్లు మండి, లంబాడీలో తిట్టడం మొదలుపెట్టింది. ఆ భాషలో అక్కడ సిద్ధంగా ఉన్న జవాబు లేదు. ఏదో పెద్ద వ్యవహారమని భయపడి, ఆ భాష వచ్చిన డ్రైవర్ తుల్సీరాంను పిలిపించారు. అతను అంతా విని, "పెద్ద వ్యవహారమే సార్. మొగుణ్ణి పంపమంటోంది" అన్నాడు.

తుల్సీరాం తన సెలవు రోజున ఎడారిలోకి బండి తీసుకుపోయి, యజమానితో పోట్లాడి జాల్యాను తీసుకొచ్చాడు. ప్రయాణ పత్రం చేతికి వచ్చేదాకా ప్రతి బల్ల ముందూ అతనితో పాటు కూర్చున్నాడు. నెలన్నరకు జాల్యా వాచిన కాళ్లతో మహబూబాబాద్ స్టేషన్‌లో దిగాడు.

వారం తిరక్కుండా అదే ఊళ్లో రామ్మోహన్ గారికి ఘన సన్మానం జరిగింది. జాల్యా విడుదల నిశ్శబ్ద దౌత్యం ఫలితమని ఆయన సెలవిచ్చారు. అది ఎంత నిశ్శబ్దంగా జరిగిందంటే జాల్యాకు కూడా తెలియలేదు. శాలువా కప్పడానికి అతన్ని వేదిక ఎక్కిస్తే, వెంట వచ్చిన కమ్లీ మైకు అందుకుంది.

"మా ఆయన్ని తోలిచ్చింది తుల్సీరామన్న. గాయన మొకం గూడ నేను జూడలే. ఈ అన్నేమో, మా ఆయన ఆడ మంచిగున్నడని రాసిండు. మంచిగున్నోని కాళ్లు గిట్లుంటయా? చూడుండ్రి!"

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది రామ్మోహన్ గారే. ప్రజాస్వామ్యంలో విమర్శకు ఉన్న గౌరవం ఇదేనన్నారు. దాంతో మనమంతా కొట్టాం. కమ్లీ శాలువాను కుర్చీ మీద పెట్టి, భర్త చెయ్యి పట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది.

మర్నాడు వార్త నేనే రాశాను. శీర్షిక: 'రామ్మోహన్ చొరవతో ఇల్లు చేరిన జాల్యా'. తుల్సీరాం పేరు, కమ్లీ మాటలు స్థలాభావం వల్ల వేయలేకపోయాం. మిగిలిన పేజీ అంతా రామ్మోహన్ గారికి మీరిచ్చిన శుభాకాంక్షల ప్రకటనలకే సరిపోయింది. మీ ఫొటో బాగా వచ్చింది.