ఫ్లాస్కు కింద కుట్టుమిషను

పేదరికం పోవాలంటే పేదవాళ్లకు ఏదో ఒకటి ఇవ్వాలని నమ్మేవాళ్లు మీలో ఇంకా ఎవరైనా ఉంటే, దయచేసి ఆ పాత ఆలోచన మానుకోండి. ఇస్తే పేదరికం పోదు. మీటింగ్ పెడితే పోతుంది! కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. మా వీధిలో పోయింది.

వెనకటి రోజుల్లో మేమంతా ఎంత మొరటుగా బతికామో తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఫలానా వాళ్లింట్లో పొయ్యి వెలగలేదని తెలిస్తే చాలు, గిన్నెడు కూర పట్టుకెళ్లి ఇచ్చేసేవాళ్లం. ఎవరికీ చెప్పకుండా! ఫోటో అయినా లేకుండా! ఒక్కోసారి కుడిపక్కింటి నుంచీ వంకాయే, ఎడమపక్కింటి నుంచీ వంకాయే వచ్చిపడేది. దీన్ని ‘డూప్లికేషన్’ అంటారట. వనరుల వృథా! తిన్నవాళ్లు మాత్రం ఏనాడూ ఫిర్యాదు చేయలేదు. పాపం, వాళ్లకేం తెలుసు?

ఇప్పుడు ఆ గొడవ లేదు. మా వీధికి సమన్వయ కమిటీ వచ్చింది. కూరలు ఆగిపోయాయి.

మా ఎదురింట్లో ఒక కుట్టుపనావిడ ఉండేది, చిన్న కూతురితో. ఆవిడ మిషను చప్పుడు వింటూ కునుకు తీయడం నాకు అలవాటు. చప్పుడు వినిపిస్తోందంటే ఆవిడ ఉన్నట్టు, నాకు నిశ్చింత. నా సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. వీధిలో ఎవరి చేతిలో బ్యాగు కనిపించినా నాకు గుండె దడ. కూరగాయల సంచీ అని తేలేదాకా గుమ్మం దిగను. అక్కను, మా ఆయన్ను, ఇద్దరు తోడికోడళ్లను, సగం వీధిని ఈ గుమ్మంలోంచే సాగనంపాను. ఇక చెయ్యి ఊపే ఓపిక లేదు.

అలాంటిది, ఒకరోజు ఆ చప్పుడు ఆగిపోయింది. మిషను షాఫ్టు విరిగింది. పాత ఇనుము వాడు కూడా మొహం చిట్లించాడు. ఆవిడ చేత్తో కాజాలు కుట్టుకుంటూ, గుండీలు వేసుకుంటూ కూర్చుంది. వేరే ఊళ్లో బట్టల ఫ్యాక్టరీలో పని ఉంది, వచ్చేయమని చిన్నాన్న కూతురు కబురు మీద కబురు.

“బడులు తెరిచేలోగా యూనిఫాంల పని దొరికితే ఉంటాను పిన్నీ. లేకపోతే సర్దేయడమే,” అంది సూదిలో దారం ఎక్కిస్తూ, ఏదో వాన గురించి చెప్పినట్టు.

సరిగ్గా అప్పుడే కమిటీ పుట్టింది. చూడండి దాని మహిమ! ప్రభుత్వ ఆఫీసరు గారి దగ్గర కొత్త కుట్టుమిషను ఉంది. వీధి సంఘం కన్వీనరు గారి చేతిలో, వీధి చివర, ఖాళీ గది ఉంది. సేవాసంస్థ మేడం దగ్గర బడి పిల్లల యూనిఫాంల ఆర్డరు ఉంది. మిషను, గది, పని!

‘ఇంకేం, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది’ అనుకున్నారు కదూ? నేనూ అనుకున్నాను. మన లాంటివాళ్ల వల్లే దేశాలు వెనకబడేది!

కన్వీనరు గారు విడమరిచి చెప్పారు. మూడూ మూడు వేళల్లో ఇస్తే అది దానం. మూడూ ఒకే రోజు, ఒకే వేదిక మీద, ముగ్గురూ నిలబడి ఇస్తేనే సమన్వయం! కాబట్టి ముగ్గురూ కలిసేదాకా ఎవరూ ఏదీ ఇవ్వకూడదు.

ముగ్గురూ కలవడమంటే మాటలా? ఆఫీసరు గారు వచ్చిన రోజు మేడం గారికి శిక్షణ. మేడం గారు వచ్చిన రోజు ఆఫీసరు గారికి తనిఖీ. ఇద్దరూ వచ్చిన రోజు గది తాళంచెవి కన్వీనరు గారి బావమరిది జేబులో ఊరెళ్లింది. ఆ రోజు వరండాలోనే మీటింగ్ పెట్టి, తాళాల విషయంలో మెరుగైన సమన్వయం అవసరమని తీర్మానించారు. చప్పట్లు!

ఈలోగా ఆఫీసరు గారు పంపిన మిషను, మీటింగులు జరిగే ఆ గదిలోనే, ఒక మూల, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది. ఊరికే ఉందనుకోకండి. దాని మీద టీ ఫ్లాస్కు పెట్టేవారు. బిస్కెట్ల పళ్లేనికి కూడా చోటు సరిపోయేది.

మా కుట్టుపనావిడకు పదవి కూడా వచ్చింది. ‘లబ్ధిదారుల ప్రతినిధి’! పేదవాళ్లు లేకుండా పేదరికం గురించి మాట్లాడటం మర్యాద కాదట. అందుకని ప్రతి మీటింగ్‌కీ కాజాల పని పక్కన పడేసి వెళ్లి, మిషనుకు ఎదురుగా కుర్చీలో కూర్చునేది. కూలిపని చేసుకునే మనిషికి మధ్యాహ్నమంతా ఫ్యాను కింద కుర్చీ! ఇంతకన్నా లబ్ధి ఏముంటుంది?

ఒకసారి నేనూ వెళ్లాను. ఆవిడ మెల్లగా లేచింది.

“సార్, ఆ మిషను నాదేనా?”

“నీదేనమ్మా,” అన్నారు ఆఫీసరు గారు, ఎంతో ప్రేమగా.

“అయితే పట్టుకుపోనా?”

“అలా విడిగా పట్టుకుపోతే సమన్వయం ఎక్కడుంటుందమ్మా?”

“పోనీ, ఆ ఫ్లాస్కయినా పక్కకు జరపండి సార్. నా పిల్ల నెత్తిన ఎవరో కూర్చున్నట్టుంది.”

అందరూ నవ్వారు. ఫ్లాస్కు జరగలేదు.

ఆవిడ జ్ఞానం కూడా ఎంత పెరిగిందని! ఓ సాయంత్రం కూతురు “అమ్మా, వంటయిందా?” అని అడిగితే, “స్టేక్‌హోల్డర్లు ఇంకా రాలేదే!” అంటోంది. బియ్యం, ఉప్పు, కిరసనాయిలు ఒకే రోజు కలవాలి కదా మరి!

నాకు కంగారు ఎక్కువ. ఊరుకోలేక నేనే బయల్దేరాను. ఆఫీసరు గారు, “నాదేముందండీ, మేడం తేదీ చెబితే చాలు,” అన్నారు. మేడం గారు, “మాకు గది ఇస్తే చాలండీ,” అన్నారు. కన్వీనరు గారు, “ఆఫీసరు గారు రిబ్బను కత్తిరించకుండా గది ఎలా అప్పగిస్తామండీ?” అన్నారు. ముగ్గురూ టీ ఇచ్చారు. ముగ్గురూ గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. నా మోకాళ్ల నొప్పికి నడక మంచిదని డాక్టరు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాడు. కమిటీ పుణ్యమా అని అదీ అయింది.

బడులు తెరిచారు. పిల్లలు పాత చొక్కాలతోనే వెళ్లారు. ఎదిగిన చేతులు మణికట్ల దగ్గర బయటికొచ్చి గాలి పీల్చుకున్నాయి. ఆరోగ్యం!

ఎదురింట్లో మూటలు కట్టడం మొదలైంది.

కమిటీని ఆడిపోసుకునేవాళ్లంతా ఇది జాగ్రత్తగా చదవండి. ప్రతినిధి గారు వెళ్లిపోతున్నారని తెలియగానే, ఆవిడకు వీడ్కోలు సభ పెట్టాలని తీర్మానించారు. ముగ్గురూ వచ్చారు! ఒకే రోజు! వేళకు ముందే! తాళంచెవి తాళం దగ్గరే ఉంది. మైకు కుయ్యిమనలేదు. మేడం గారు పూలగుత్తి ఇచ్చారు. కన్వీనరు గారు ప్రసంగించారు. మూటలు బస్టాండుకు చేర్చడానికి ఆఫీసరు గారు తన జీపు ఇచ్చారు. ఇంత చక్కటి సమన్వయం నా జన్మలో చూడలేదు.

ఫోటో తీస్తున్నప్పుడు ఆవిడ నా చెవి దగ్గరకు వంగింది.

“చూశావా పిన్నీ, ముగ్గురూ వచ్చారు. గదీ తెరిచారు. మిషనూ ఇక్కడే ఉంది. నేను వెళ్లిపోతున్నాను గానీ, లేకపోతే ఇవాళ ఇచ్చేసేవాళ్లే!”

నాకు నోరు ఆగలేదు. “ఇప్పుడైనా ఇచ్చేయండి బాబూ, ఉండిపోతుంది,” అన్నాను, గట్టిగానే. మైకు కూడా పట్టుకుంది.

ఆఫీసరు గారు నొచ్చుకున్నారు. “ఇవాళ అజెండా వీడ్కోలండీ. మిషను ఇస్తే, పూలగుత్తి ఎందుకిచ్చినట్టు?”

నిజమే. రెండూ ఇస్తే డూప్లికేషన్!

జీపు కదిలింది. బస్టాండు దారి మా వీధిలోంచే. ఆవిడ ఇంటి గుమ్మం ముందు గుంత ఉంది, అక్కడ జీపు నెమ్మదించింది. వెనక సీటులో రెండు మూటలు, ఒక పూలగుత్తి, ఒక పిల్ల. పక్కన బోలెడు చోటు. కుట్టుమిషను దర్జాగా పట్టేది. అక్కడే దింపేసి ఉండొచ్చు.

పిల్ల చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఓపిక లేదన్నాను కదా, అబద్ధం. ఎక్కడినుంచో వస్తుంది.

మర్నాడే కమిటీ ప్రకటించింది: మా వీధిలో పేద కుటుంబం ఒకటి తగ్గింది. మొదట్లోనే చెప్పాను, మీరే నమ్మలేదు!

అయితే చిన్న చిక్కొచ్చింది. ప్రతినిధి కుర్చీ ఖాళీ. కన్వీనరు గారు మా ఇంటికొచ్చి, ఇటూ అటూ చూసి, చాలా మర్యాదగా, “మీరు కాస్త... పేదవారే కదండీ?” అని అడిగారు. ఒప్పుకున్నాను. మీటింగ్ ఆగకూడదు కదా!

ఇప్పుడు అందరికన్నా ముందే వెళ్తాను. ఫ్లాస్కు తీసి కిటికీలో పెడతాను. మిషను మీది టీ మరకలు తుడుస్తాను. కిటికీలో టీ చల్లారిపోతోందని కన్వీనరు గారు విసుక్కుంటున్నారు. ఆ సమస్య మీద ఒక ఉపసంఘం వేశారు. ముగ్గురూ మొదటి రోజే హాజరయ్యారు.