నాలుగు చక్రాల స్థిరాస్తి

కదలకుండా పడివున్న వస్తువును మన దేశంలో ఎవరూ ఏమీ అనరు. అది కదలబోయినప్పుడే చట్టాలన్నీ మేలుకుంటాయి.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో ఏళ్ల తరబడి ఒక క్వాడ్ బైకు పడి ఉంది. లావుపాటి నాలుగు చక్రాలు, స్టీరింగుకు బదులు హ్యాండిలు, రోడ్డు లేని చోట గుట్టలెక్కడానికి పుట్టిన బండి. ఊరి బయట సాహస క్రీడల పార్కు పెడదామని మొదటి అంతస్తు వెంకట్రావు మోజుపడి కొన్నాడు. పార్కు రాలేదు. (సాహసమంతా స్థలం కొనడంలోనే అయిపోయింది.) అప్పటినుంచీ ఇరుగుపొరుగు దాని సీటు మీద పాత పేపర్లు పేర్చుకునేవారు. ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, ఆటోలు ఆగాయి. రెండో అంతస్తు అండాలమ్మకు ఎల్‌బీ నగర్ దవాఖానలో డయాలసిస్. ఒక విడత అప్పటికే తప్పిపోయింది. పాదాలు ఉబ్బాయి, ఆయాసం మొదలైంది. చీరల దుకాణం నడిపే కొడుకు నరేష్‌కుమార్ పొద్దున చౌరస్తాలో నినాదాలిచ్చేవాడు, మధ్యాహ్నం తల్లి కోసం బండి వెతికేవాడు. స్కూటరు మీద ఆమె నిలవలేదు, ఒకసారి కళ్లు తిరిగి పడిపోయింది. దవాఖాన వ్యాను డ్రైవరు కూడా సమ్మెలోనే ఉన్నాడు.

"మా క్వాడ్ బైకు తీద్దామా? సీటు వెడల్పుగా ఉంటుంది, వెనక ఆనుకోవడానికి కమ్మీ కూడా ఉంది," అన్నాడు వెంకట్రావు.

"అది నడుస్తదా అన్నా?" అన్నాడు నరేష్.

"నడిపించాలి."

అపార్ట్‌మెంటు కార్యదర్శి రామస్వామి మెట్ల దగ్గరే అడ్డం నిలబడ్డాడు. మూడేళ్లకు మించి కదలని వాహనం భవనంలో అంతర్భాగమని సంఘం ఎప్పుడో తీర్మానించింది. ఇప్పుడు దాన్ని స్టార్టు చేయడమంటే పిల్లర్ పగలగొట్టడంతో సమానం. నిశ్చల వాహనాల ఉపసంఘం అనుమతి కావాలి. (అలాంటి ఉపసంఘం ఉంది. దానికి లెటర్‌హెడ్ కూడా ఉంది.)

"మీటింగ్ పెట్టాలె సార్. చైర్మన్ ఊర్ల ఇరుక్కున్నడు, బస్సుల్లేవు గదా," అన్నాడు రామస్వామి.

"ఆవిడ కాళ్లు వాచిపోయాయండీ. మీ చైర్మన్ వచ్చేదాకా ఆగుతాయా?"

"గది ఎజెండాల లేదు."

ఇద్దరూ ఆయన్ని పక్కకు తప్పించి కిందికి దిగారు. ట్యాంకు మూత తీస్తే వార్నిష్ వాసన. పాత పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటర్‌ను మూసేసింది. ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో ఎలుక కాపురం పెట్టింది. (దానికి ఏ అనుమతీ అవసరం కాలేదు.) గూడు తీశారు, కార్బ్యురేటర్ కడిగారు, ప్లగ్గు మార్చారు, చక్రాలకు చేతిపంపుతో గాలి కొట్టారు. నరేష్ స్కూటర్లోంచి పైపుతో సగం పెట్రోలు లాగారు, దాని బ్యాటరీకే వైర్లు కలిపారు. బండి దగ్గింది, ఆగింది. మళ్లీ దగ్గింది. ఆరిపోయింది. వెంకట్రావు చొక్కా చెమటతో తడిసిపోయాక, సెల్లారంతా పొగ నింపుతూ ఒక్కసారి గర్జించింది. పై అంతస్తుల్లో కిటికీలు దబదబా మూసుకున్నాయి. నరేష్ తల్లిని ఎత్తుకొచ్చి సీటు మీద కూర్చోబెట్టాడు, నడుముకు తువ్వాలు చుట్టి కమ్మీకి కట్టాడు. వెంకట్రావు నడిపాడు, నరేష్ వెనక స్కూటరు మీద వచ్చాడు.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బెంచీలు అడ్డం వేసి ఉన్నాయి. అక్కడి నియమం సులువు: రెండు చక్రాలు పోవచ్చు, నాలుగు చక్రాలు పోరాదు. సమ్మె తరఫున కాపలా ఉన్న జానయ్య వంగి లెక్కపెట్టాడు.

"నాలుగున్నయ్. వాపస్ తిప్పు."

"అన్నా, హ్యాండిల్ జూడు, గిది బైకే," అన్నాడు నరేష్.

పక్కనే ఉన్న ట్రాఫిక్ ఎస్సై ఆ మాట పట్టుకున్నాడు. "బైకైతే హెల్మెట్ ఏది? అయినా ఇది రోడ్డు లేని చోట నడిపే బండి. రోడ్డు మీద నేరం."

వెంకట్రావు ముందుకు చూశాడు. డ్రైనేజీ కోసం తవ్వి వదిలేసిన గోతులు, మట్టిదిబ్బలు, ఒక విరిగిన తూము. "రోడ్డు ఎక్కడుందో చూపించండి సార్, దాని మీదికి ఎక్కను."

ఎస్సై రోడ్డు కోసం చుట్టూ చూశాడు. అప్పుడు అండాలమ్మ ఆయాసపడుతూ జానయ్యను పిలిచింది.

"బిడ్డా, మీరు మొన్న సమ్మెకు దిగిండ్రు. నా కిడ్నీలు ఎప్పుడో దిగినయ్. జర పోనియ్యి."

జానయ్య ఒక్క క్షణం ఆమె పాదాల వంక చూశాడు. తర్వాత బెంచీ పక్కకు లాగాడు. ఎస్సై అటు తిరిగి నిలబడ్డాడు. (శాఖాపరంగా ఇది చేయగలిగినంత సాయం.)

దవాఖానలో ఆమెను డయాలసిస్ మిషన్ మీద పెట్టారు. సాయంత్రానికి ఆమె ఊపిరి తేలికై టీ అడిగింది. నరేష్ వరండాలోకి వచ్చి వెంకట్రావు చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నిశ్చల వాహనాల ఉపసంఘం ఆదివారం అత్యవసరంగా సమావేశమైంది. బస్సులు లేకపోయినా చైర్మన్ ఇసుక లారీ ఎక్కి మరీ వచ్చాడు. ఆ బండి పొగ వల్ల నివాసుల ఆరోగ్యానికి ముప్పు ఉన్నందున, దాని చక్రాలు నాలుగూ విప్పి మేడ మీది గదిలో పెట్టి తాళం వేశారు. అండాలమ్మ త్వరగా కోలుకోవాలని కూడా సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. సమ్మె ఇంకా నడుస్తోంది. ఆమె తర్వాతి డయాలసిస్ మర్నాడు పొద్దున.