ఊదనక్కర్లేని నాదస్వరం

అయ్యలారా, అమ్మలారా! రాజుల కాలంలో కూడా సంగీత విద్వాంసులకు దొరకని సుఖం ఇప్పుడు మన గుంటూరులో దొరుకుతోంది. ఆ పుణ్యమంతా లైవ్ మ్యూజిక్‌ది. పాడనక్కర్లేదు, వాయించనక్కర్లేదు, జనానికి కనపడితే చాలు!

నమ్మకం కుదరడం లేదా? అయితే నాగూర్ వలి గారి సంగతి వినండి. చిలకలూరిపేట పక్క పల్లెలో, తాతల నాటి నుంచి రాములవారి కల్యాణానికి నాదస్వరం ఊదే షేకుల ఇంట పుట్టిన మనిషి. జీవితమంతా ఊదీ ఊదీ ఏం బావుకున్నాడు? పెళ్లిళ్లకు డీజే బాక్సులు దిగాక పిలిచే నాథుడు లేకుండా పోయాడు.

అలాంటి మనిషిని శ్రీకృష్ణ పిలిచాడు. శ్రీకృష్ణ అంటే ఎవరనుకున్నారు? అరండల్‌పేటలో మిద్దె మీద హోటల్ పెట్టిన పెద్దమనిషి. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో నైట్ లైఫ్ లేకపోవడం అతనికి తలవంపులుగా తోచింది. తోచదూ మరి? వందల ఏళ్ల ఊరు చీకటి పడగానే ఇడ్లీ తిని పడుకుంటే చరిత్రకు ఎంత అవమానం! అందుకని రంగు లైట్లు కట్టించాడు. ఆ వెలుగులో ఎవరికీ చదవరాని మెనూ కార్డు అచ్చు వేయించాడు. గోంగూరతో మాక్‌టెయిల్ కలిపించాడు. ఎదుటి మనిషి మాట చెవిన పడకుండా నాలుగు మూలలా బాక్సులు పెట్టించాడు. గుమ్మం పక్కన చిన్న వేదిక కట్టి, 'హెరిటేజ్ లైవ్' అని బోర్డు తగిలించాడు.

ఆ వేదిక మీద నాగూర్ వలి గారి ఉద్యోగం. శనివారం సాయంత్రం తలపాగా చుట్టుకుని, నాదస్వరం పట్టుకుని నిలబడాలి. బాక్సులోంచి పాట వస్తుంటే బుగ్గలు పూరించి వేళ్లు ఆడించాలి. ఊదకూడదు. ఊదితే ఆంబియన్స్ పాడవుతుందట. బాక్సులో మోగేది షెహనాయి. రెండూ పొడుగ్గానే ఉన్నాయి కాబట్టి శ్రీకృష్ణకు అభ్యంతరం కనపడలేదు, భోంచేసేవాళ్లకు అంతకన్నా కనపడలేదు.

ఇంత హాయి దొరికాక మనిషి ఏం కోరుకోవాలి? ఈయన మాత్రం చేరిన రోజే ఒక్క కోరిక కోరాడు. ఎప్పుడో ఒకప్పుడు, ఒక్క కీర్తన నిజంగా ఊదనివ్వమని. "చూద్దాం బాబాయ్" అన్నాడు శ్రీకృష్ణ. ఆ 'చూద్దాం' కోసం నాగూర్ వలి వారం వారం బస్సెక్కి వచ్చేవాడు. ఇంటి దగ్గర తెల్లారకముందే లేచి సాధన చేసేవాడు. ఈ వయసులో ఊపిరిని వదిలేస్తే అది మళ్లీ మాట వినదని ఆయన భయం. విశ్రాంతి విలువ తెలియని మనుషులు ఇలాగే పాడవుతారు!

ఒక శనివారం సుబ్బరావమ్మ గారనే పెద్దావిడ మనవరాలి నిశ్చితార్థం ఆ మిద్దె మీదే పెట్టుకున్నారు. తాంబూలాల పళ్లెం లేచింది. సరిగ్గా అప్పుడే బాక్సులో షెహనాయి ఆగి, కాలి పగుళ్లకు రాసుకునే మలాం ప్రకటన మొదలైంది. డబ్బు కట్టకుండా వాడుకునే యాప్ మరి! పళ్లెం గాల్లోనే ఆగింది. మిర్చి యార్డు వైపు నుంచి ఘాటు మోసుకొచ్చిన గాలికి పెళ్లికొడుకు పెదనాన్న ముక్కు ఎగరేశాడు. నోరు తెరిచాడు. మంచి వేళకు తుమ్ము చెవిన పడకూడదనే కదండీ గట్టిమేళం పెట్టింది!

నాగూర్ వలి ఆ నోరు చూశాడు, ఊదాడు. తుమ్ము ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. తాంబూలాలు చేతులు మారాయి.

"ఇదీ మేళమంటే" అంది సుబ్బరావమ్మ. "మరి ఇందాకటి నుంచీ ఏం చేస్తున్నావయ్యా?"

"నిలబడ్డానండీ" అన్నాడాయన.

అక్కడితో ఆగితే బాగుండేది. ముసలాయన కళ్లు మూసుకుని కీర్తన ఎత్తుకున్నాడు. మిద్దె మిద్దంతా అదిరింది. సుబ్బరావమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పక్క టేబుళ్ల వాళ్లు చెవులు మూసుకుని, వాల్యూమ్ తగ్గించమని సర్వర్లను కేకేశారు. పాపం, ఆ సర్వర్లు నాదస్వరానికి బటన్ ఎక్కడుందోనని నిజంగానే చూశారు!

తెల్లారేసరికి ఆన్‌లైన్‌లో హోటల్‌కు ఒక్క స్టార్ పడింది. 'ఫుడ్ పర్లేదు. లైవ్ మ్యూజిక్ అని పిలిచి నిజంగానే ఊదించారు. ఫ్యామిలీతో వెళ్లకండి.' కస్టమర్ మాటకు విలువ ఇవ్వకపోతే వ్యాపారం ఎలా సాగుతుంది? శ్రీకృష్ణ ఆయనకు దణ్ణం పెట్టి, ఇక రావద్దన్నాడు.

ఇప్పుడా వేదిక మీద ఫైబర్ బొమ్మ ఉంది. వెళ్లి చూడండి. బుగ్గలు చక్కగా ఉబ్బి ఉంటాయి, తలపాగా జారదు, టీ అడగదు, కీర్తన అసలే అడగదు. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. బోర్డు మీద 'లైవ్' అలాగే ఉంది.

నాగూర్ వలి గారి కోసం బెంగ పెట్టుకోకండి. ప్రత్తిపాడు దారిలో ఒక మిర్చి గోడౌన్‌లో రంగు పోయిన తాలుకాయలు ఏరే పనికి కుదిరాడు. ఆ ఘాటులో ఊపిరి ఎంత తక్కువ పీలిస్తే అంత మంచిదని మేస్త్రీ మొదటి రోజే చెప్పాడట. పొద్దున పనిలో కూర్చునే ముందు, అందరిలాగే ఆయన కూడా ముక్కూ నోరూ కలిపి గుడ్డ బిగించి కట్టుకుంటున్నాడు.