సర్వహక్కులు ఆసియావి

ఆ రోజు ఉదయం ఆసియా పెట్టుకున్న పని ఒక్కటే. టీ తాగి, జమ్మలమడుగు గంగాధర్‌కు ఫోన్ చేసి, నవ్వకుండా, నసగకుండా, బొమ్మ గీసినందుకు డబ్బులు అడగాలి. ప్రొద్దుటూరులో ఇంటి ముందుగదిలోనే కంప్యూటర్ పెట్టుకుని అంగళ్లకు బోర్డులూ లోగోలూ గీసిచ్చే ఆ అమ్మాయికి గీయడం ఎప్పుడూ కష్టం కాలేదు. అడగడమే కష్టం.

"గట్టిగా అడుగు. 'అన్నా' అనొద్దు. అన్నా అంటే, చెల్లెలే గదా, మెల్లగా ఇస్తాంలే అనుకుంటారు," అని వంటింట్లోంచి హెచ్చరించింది తల్లి ఖైరున్నీసా.

గంగాధర్‌ది గొర్రెలు మేపే కుటుంబం. తల్లి బాలనాగమ్మ మందలో సగం అమ్మి ఇచ్చిన సొమ్ముతో జమ్మలమడుగులో ఒక సంగటి హోటలు, పులివెందులలో ఇంకొకటి పెట్టాలని దిగాడు. రెంటికీ 'బాలనాగమ్మ సంగటి హోటల్' అనే పేరు, తల్లి ముఖమే గుర్తు. ఆసియా ఎనిమిది వేలు చెబితే అతను అదిరిపడ్డాడు. "ఒక ముసిలామె మొగానికి ఎనిమిది వేలా? ఆమెను కని పెంచనీకి మా తాత గూడా అంత ఖర్చు పెట్టిండడు!" అంటూ వెయ్యి చేతిలో పెట్టి, మిగతాది బొమ్మ నచ్చినాక ఇస్తానన్నాడు. బొమ్మ నచ్చింది. నచ్చిన దగ్గర్నుంచి అతని ఫోను పలకడం మానేసింది.

అయినా ఆసియా ఈసారి జాగ్రత్తగానే ఉంది. అంతకుముందు ఒక నగల అంగడివాళ్లు నమూనాగా పంపిన బొమ్మనే సంచుల మీద అచ్చు వేయించుకుని ముఖం చాటేశారు. ఇంగ్లీషులో 'శాంపిల్' అని రాస్తే ఎవరూ లెక్కచేయరని అప్పుడే అర్థమైంది. అందుకే గంగాధర్‌కు పంపిన నమూనా మీద, బాలనాగమ్మ గడ్డం కింద అడ్డంగా, లేత బూడిదరంగులో తెలుగులోనే రాసింది: 'సర్వహక్కులు ఆసియావి'. ఆ కింద తన ఫోన్ నంబరు. డబ్బులు ముట్టాక ఆ రాత లేని అసలు బొమ్మ పంపుతుంది. ఇంతకంటే భద్రం ఏముంటుంది?

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకునేలోపే అది మోగింది.

"ఆసియమ్మేనా? నేను వంటమాస్టరు నాగేంద్రను. జమ్మలమడుగులో హోటలు ఈపొద్దే తెరిచినాం, అప్పుడే సంగటి అయిపోవచ్చింది, జనం ఇంగా వస్తానే ఉండారు. ఇంగో దబర పెట్టమంటావా?"

"పెట్టండి," అంది ఆసియా అయోమయంగా. "అయినా నన్నెందుకు అడుగుతాండారు?"

"మళ్ళ ఎవుర్నడగల్ల? గంగాధరన్న పులివెందులకు పోయినాడు, ఫోన్ ఎత్తడు. బోర్డు మింద నీ నంబరే ఉండాది," అని అతను పెట్టేశాడు.

ఏ బోర్డు అని ఆలోచిస్తుండగానే ఎవరో చేసి పులుసులో ఉప్పు ఎక్కువైందని తిట్టారు. ఆసియా క్షమాపణ చెప్పింది. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియలేదు. మూడో ఫోను పులివెందుల నుంచి.

"చంద్రమోహన్‌ను మాట్లాడతాండా. గంగాధర్‌కు బిల్డింగు బాడుగకిచ్చినోన్ని. హోటలు ఓనరు నువ్వంట గదా? మళ్ళ నా దగ్గర సంతకం పెట్టినోడు ఎవుడు?"

"నేను ఓనర్ని కాదన్నా. బొమ్మ గీసినదాన్ని."

"బొమ్మ గీసినామెకు సర్వహక్కులూ ఎందుకు రాసిచ్చినాడు?"

"ఆయన రాసియ్యలేదు. నేనే రాసుకున్నా."

"నువ్వే రాసుకున్నావా!" అన్నాడతను. ఆ గొంతులో భయమూ గౌరవమూ సగం సగం ఉన్నాయి. "సరేమ్మా. నీ నోటితో నువ్వు చెప్పేదాకా తాళం నా దగ్గరే ఉంటాది."

ఆసియా నాగేంద్రకు ఫోన్ చేసి ఆ బోర్డు ఫోటో పంపమంది. వచ్చింది. మిద్దె ఎత్తు ఫ్లెక్సీ. మధ్యలో బాలనాగమ్మ చిరునవ్వు. ఆమె గడ్డం కింద, హోటలు పేరు కంటే పెద్దగా, ముదురు ఎరుపులో: సర్వహక్కులు ఆసియావి. ఆ కింద ఆమె నంబరు. మూలలో ఫ్లెక్సీ కొట్టిన వలి బాషా నంబరు కూడా ఉంటే దానికి చేసింది.

"అక్షరాలు శానా లేతగా ఉండాయి పాపా," అన్నాడు వలి బాషా, మెచ్చుకుంటుందన్న నమ్మకంతో. "దూరం నుంచి కనపడవని ఎర్రగా, పెద్దగా చేసినా. దానికి దుడ్లు గూడా తీసుకోలే. పులివెందులకు గూడా అట్లే కొట్టిచ్చినా."

గంగాధర్‌కు చేస్తే కట్ చేశాడు. 'అన్నా, దుడ్ల కోసం కాదు, అర్జెంటు' అని మెసేజి పెట్టింది. బాకీ అడిగేవాళ్లందరూ మొదలుపెట్టేది ఆ మాటతోనే కాబోలు, ఆ తర్వాత ఫోను పోవడమే మానేసింది. ఇక లాభం లేదనుకుని జమ్మలమడుగు బస్సెక్కింది. దారిలో ఒకరు పెళ్లికి సంగటి ముద్దలకు ఆర్డరిచ్చారు, ఒకరు సర్వరు ఉద్యోగం అడిగారు.

హోటలు దగ్గర ఆమె పేరు చెప్పగానే, "ఓనరమ్మ వచ్చింది, జరగండి!" అని నాగేంద్ర దారి చేశాడు. గల్లాపెట్టె దగ్గర, ఫ్లెక్సీలో ఉన్న ముఖమే, చిరునవ్వు మాత్రం లేకుండా కూర్చుని ఉంది.

"నువ్వేనా ఆసియా?" అంది బాలనాగమ్మ. "పొద్దున్నే ఒకాయన చదివి చెప్పినాడు. నా గొర్రెలమ్మి పెట్టిన హోటలు మా వాడు నీకు ఎంతకమ్మినాడు?"

"అమ్మలేదవ్వా. హోటలు నీదే. బొమ్మ మాత్రం నాది."

బాలనాగమ్మ తల బయటికి పెట్టి పైకి చూసి వచ్చింది. "ఆ బొమ్మ నేనే గదా?"

"నువ్వే. కానీ గీత నాది. దుడ్లిచ్చేదాకా మీరు వాడుకోగూడదు."

"నన్ను నేను వాడుకోగూడదా?"

ఆసియా మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. ధర, అడ్వాన్సు, నమూనా, హక్కు. వింటున్నవాళ్లు తినడం ఆపి సాయానికి వచ్చారు. "మొగం అవ్వదైతే ముక్కు గూడా అవ్వదే గదా?" అన్నాడొకాయన. "ముక్కు అవ్వదే, ముక్కు గీత ఆయమ్మది," అని పక్కాయన దిద్దాడు. "మళ్ళ ముక్కుపుడక?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఆ వాదన చెవుల దగ్గరికి వచ్చేసరికి తనది ఏదో, అవ్వది ఏదో ఆసియాకే తెలియకుండా పోయింది.

అప్పుడు గంగాధర్ రొప్పుతూ లోపలికి వచ్చాడు. రేపే పులివెందులలో ప్రారంభం. చంద్రమోహన్ తాళం ఇవ్వలేదు.

"చెల్లెలా, యాడున్నావని! నీ నంబరు బ్లాక్ చేసినా, మళ్ళ తీసేది ఎట్లో తెల్లేదు," అన్నాడు దాపరికం లేకుండా. "హోటలు నీది కాదని చంద్రమోహన్‌కు ఒక్కమాట చెప్పు."

"హోటలు నాది కాదని ఇప్పుడే చెప్తా. బొమ్మ నాది కాదని మాత్రం మిగిలిన ఏడు వేలు ఇచ్చినాక చెప్తా. ఇయ్యకపోతే ఆ రెండు ఫ్లెక్సీలూ దించండి," అంది ఆసియా. నవ్వలేదు, నసగలేదు. అంత సులభంగా నోటికొచ్చినందుకు ఆమే ఆశ్చర్యపోయింది.

గంగాధర్ తల్లివైపు చూశాడు.

"నా మొగం మింద బాకీ పెట్టినావేంది రా?" అంది బాలనాగమ్మ. "ఊరోళ్ళు ఈడ తింటా నన్ను అప్పులదాన్ని అనుకోవల్లనా? ఇచ్చెయ్!"

ఇచ్చాడు. ఆసియా అక్కడికక్కడే రాత లేని అసలు బొమ్మ అతనికి పంపి, కాగితం మీద హక్కులు బదలాయించి సంతకం చేసి, చంద్రమోహన్‌కు ఫోన్ చేసింది. "అన్నా, నా హక్కులన్నీ గంగాధరన్నకు ఇచ్చేసినా."

"పొద్దున రాసుకుని మధ్యాన్నానికే ఇచ్చేసినావా? నీది శానా పెద్ద మనసు తల్లీ," అన్నాడతను.

గుండె తేలికపడి ఆసియా డబ్బులు సంచిలో పెట్టుకోబోయింది. ఆమె ముందు ఒక అరచెయ్యి చాచి ఉంది.

"ఇంగ నాది?" అంది బాలనాగమ్మ.

"నీదేంది అవ్వా?"

"నా మొగం. నన్నడక్కుండా తీస్కపోయి, గీసి, అమ్ముకున్నావు గదా."

"ఫోటో గంగాధరన్నే ఇచ్చినాడవ్వా."

"వాడిచ్చినాడు. నేనిచ్చినానా?"

ఆసియాకు జవాబులు చాలానే తోచాయి, కానీ అవన్నీ ఇంతసేపూ తను కాదని వాదించినవే. గంగాధర్ ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాడు. తినేవాళ్లు ముద్ద చేతిలోనే పట్టుకుని తీర్పు కోసం ఎదురుచూస్తున్నారు. బాలనాగమ్మ సగం అడిగింది, ఆసియా బతిమాలింది, చివరికి రెండు వేల దగ్గర తెగింది. ఆ నోట్లను బాలనాగమ్మ గల్లాపెట్టెలో వేయలేదు. మడిచి రొంటిన దోపుకుని, ఆసియాకు సంగటి వడ్డించమని నాగేంద్రకు పురమాయించింది.

ఈ వృత్తిలో అడిగిన పూటే డబ్బు చేతిలో పడిన మనిషిని ఆసియా చూడడం అదే మొదటిసారి.